సాగదీతను పట్టే రికార్డరు

మందిరం పడగొడతారని నాకు మొదట చెప్పింది చెల్లెలు. చెల్లెలంటే నా తోబుట్టువు కాదు, ఆళ్లగడ్డ క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ల వైపు పాటలు నడిపించే మనిషి. నా భార్యను వదినా అని పిలిచేది కాబట్టి నేను అన్ననయ్యాను. నంద్యాలలో నా గది ముందు తాడు మీద బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది.

"అన్నా, ఇంటివా? మన మందిరం తీసేస్తాండారు."

"ఎప్పుడు?"

"కోతల పండగ ఆరాధన అయినాక. ఆ ఆదివారమే ఆఖరు. పిల్లోళ్లకు చోటు చాలడంలేదని అయ్యగారు పెద్దది కట్టిస్తాండాడు. నువ్వు వస్తాండావా లేదా, ముందు అది చెప్పు."

"రాకుండా ఎట్లుంటా?"

"ఎట్లుంటావో మేం చూస్తానే ఉండాం గదా. వదిన పోయినాక ఎన్నిసార్లొచ్చినావు?"

తప్పకుండా వస్తానని చెప్పాను. ఫోను పెట్టేశాక తడి చొక్కా చేతిలో పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాను. కింద ఇంటివాళ్ల కుక్కర్ కూత వినిపించింది. ఆ మధ్యాహ్నం నేను విన్న చప్పుళ్లలో ఇంకేమీ గుర్తులేదు.

మా మందిరం పెద్ద కట్టడమేమీ కాదు. ఒకటే గది. గోడలు నాపరాళ్లవి, పైన మిద్దెకు వేసింది నాపబండలే, కింద పరిచినవీ అవే. ఎండాకాలంలో లోపల చల్లగా ఉండేది. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద కూర్చునేవాళ్లం. ఒక హార్మోనియం ఉండేది గానీ దాని తిత్తి చినిగిపోయాక ఎవరూ బాగు చేయించలేదు. ఆ గదికి వాయిద్యం అవసరం లేదు. ఒక గొంతు లేస్తే రాయి దాన్ని పట్టుకుని కాసేపు తన దగ్గర ఉంచుకుని వదిలేది. మా నాయన ఉపదేశి. పల్లెలన్నీ నడిచి తిరిగి వాక్యం చెప్పినవాడు. చెట్ల కింద, కళ్లాల్లో పాడి పాడి ఆయన గొంతు బొంగురుపోయింది. ముసలితనంలో ఆ గదిలో కూర్చున్నప్పుడు మాత్రం, "ఈడ అరవనక్కరలేదురా, రాయే పాడతాది" అనేవాడు.

పాట ఎత్తడం నా పని. నేను ఎత్తితే మగవాళ్లు అందుకునేవాళ్లు, ఆ తర్వాత ఆడవాళ్లు అదే చరణాన్ని తిరిగి పాడేవాళ్లు. నా భార్య పెళ్లయి ఆ సంఘానికి వచ్చింది బండి ఆత్మకూరు వైపు పల్లె నుంచి. వాళ్ల ఊళ్లో కలుపు తీసే ఆడవాళ్లు ఒక చేను నుంచి ఇంకో చేనుకు వినపడేటట్టు పాడుకునేవాళ్లట. అందువల్ల ఆమెకు చరణం చివర వదలడం చేతకాదు. మేమంతా ఆపేశాక కూడా ఆమె ఊపిరి అయిపోయేదాకా ఆ చివరి అక్షరాన్ని సాగదీసేది. వచ్చిన కొత్తలో మగవాళ్ల వైపు నుంచి ఒక పెద్దాయన ఉండబట్టలేక అన్నాడు.

"ఏందమ్మా, నంద్యాల స్టేషన్లో బండి కూసినట్ల కూస్తాండావ్?"

ఆమె తలవంచుకుని ఊరుకుంటుందనుకున్నాం. "మీ మొగోళ్లకు ఊపిరి తక్కువైతే మేమేం చేసేది మామా" అంది. గదంతా నవ్వింది. తర్వాత్తర్వాత చెల్లెలు నేర్చుకుంది, ఆమెను చూసి మిగతావాళ్లు నేర్చుకున్నారు. కొన్నేళ్లకు ఆడవాళ్ల వైపు పాడటమంటేనే ఆ సాగదీత అయింది. బయటి ఊళ్ల నుంచి వచ్చిన బోధకులు మొదటిసారి విని ఉలిక్కిపడి తలెత్తి మిద్దె వైపు చూసేవాళ్లు. ఆడవాళ్లు ఆపాక కూడా బండల కింద ఆ ధ్వని ఇంకొంచెంసేపు నిలబడి ఉండేది.

ఆమెకు జబ్బు చేసినప్పుడు వైద్యం కోసం నంద్యాలకు వచ్చాం. ఆళ్లగడ్డలో అద్దె ఇల్లు వదిలేశాం. ఆమె దేవుని దగ్గరకు వెళ్లిపోయాక నేను ఈ మిద్దె మీద గదిలోనే ఉండిపోయాను. మాకు పిల్లలు లేరు. ప్రతి ఆదివారం దగ్గరలో ఉన్న ఒక సంఘానికి వెళ్తాను. మంచివాళ్లు. నేను లోపలికి రాగానే ఎవరో ఒకరు లేచి ఫ్యాను కింద కుర్చీ ఇస్తారు. కీబోర్డు, డ్రమ్ములు, తెర మీద పాట అక్షరాలు. అందరూ దేవుణ్ణి నిజంగా ప్రేమించేవాళ్లే, అందులో నాకు అనుమానం లేదు. అయితే పక్కన నిలబడ్డ మనిషి పాడుతున్నాడో లేదో నాకు వినపడదు. నేను పాడుతున్నానో లేదో అతనికి వినపడదు. ఆరాధన అయ్యాక చేతులు కలుపుకుని ఎవరి బండి మీద వాళ్లం వెళ్లిపోతాం.

ఆ గదిలో పాడే ఆఖరి పాటను పట్టి ఉంచుకోవాలని నాకు అనిపించింది. అంతకుముందు ఒకసారి వెళ్లినప్పుడు ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఇంటికొచ్చి వింటే పాట ఉంది, సాగదీత లేదు. ఆడవాళ్ల గొంతు సన్నబడగానే ఫోను దాన్ని పనికిరాని చప్పుడు అనుకుందేమో, కత్తెర వేసినట్టు కోసేసింది. రాయి పలికిన పలుకు అసలే లేదు. ఎవరో గుడ్డల కొట్లో కూర్చుని పాడినట్టుంది.

రికార్డరు కొనే ముందు నాలో నేను చాలా వాదించుకున్నాను. అరణ్యంలో దేవుడు రోజూ కురిపించిన మన్నా అనే ఆహారాన్ని మర్నాటికి దాచుకున్నవాళ్లకు అది పురుగు పట్టిపోయింది. ఏ రోజు ఆరాధన ఆ రోజుకే అని మా నాయన చెప్పేవాడు. నిన్నటి పాటను ఈ రోజు పెట్టుకుని వినడం దాన్ని పురుగు పట్టించడమే అవుతుందా? ఇంకోవైపు, అదే మన్నాను ఒక పాత్రెడు తరతరాల కోసం దాచి ఉంచమని కూడా లేఖనంలో ఉంది. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. మోకాళ్ల మీద అడిగాను. స్పష్టమైన జవాబేమీ రాలేదు. వద్దని మాత్రం రాలేదు. వద్దని రాకపోవడాన్నే సెలవుగా తీసుకున్నాను.

గాంధీచౌక్ దగ్గర పెళ్లిళ్లకూ సభలకూ మైకులు అద్దెకిచ్చే కొట్టు ఉంది. కొట్టతను నన్ను చూసి ముందు ఒక చిన్న రికార్డరు తీశాడు, పెన్ను అంత ఉంది.

"ఇది తీసుకోండి సార్. లెక్చరర్లందరూ ఇదే తీసుకుంటారు. నొక్కి జేబులో వేసుకుంటే సరి, సౌండు అదే సర్దుకుంటాది."

సర్దుకోవడమే నాకు వద్దు. పెద్ద ధ్వని వస్తే తగ్గించి, చిన్న ధ్వని వస్తే పెంచి, అన్నీ ఒక్కటే ఎత్తున వినిపించే యంత్రమది. పాట ఆగిన చోట ఫ్యాను చప్పుడును పైకి లేపి సాగదీతను దాని కింద పడేస్తుంది. ఆ మాట చెబితే అతను రెండోది తీశాడు. అది చిన్న పెట్టెలా ఉంది, బయట నుంచి మైకులు తగిలించడానికి బోలెడు బెజ్జాలు.

"కచేరీలకు బిల్కుల్ ఇదే సార్. రెండు మైకులు స్టాండ్లకు కట్టి, వైర్లు లాగి..."

"ఆరాధనలో వైర్లు లాగి కూర్చోబెడితే ఆడవాళ్లు పాడరు. నోట్లో కొంగు పెట్టుకుని నవ్వుతారు."

"అట్లనా." తల గోక్కున్నాడు. "మీకు అసలేం కావాల సార్? ఎకోనా? రికార్డు ఎట్లున్నా తేండి, నా దగ్గర మిక్సర్ ఉంది, గుహలో పాడినంత ఎకో వేసి ఇస్తా. బెలుం గుహల్లో పాడినారా అని అడగాల జనం."

"ఆ ఎకో కాదప్పా. ఆ గదిది ఆ గదికే ఉంది."

మూడోది అరచేతిలో పట్టేంత ఉంది. నెత్తిన రెండు చిన్న మైకులు ఒకదానికొకటి అడ్డంగా, చేతులు కట్టుకున్నట్టు ఉన్నాయి. ఒకటి కుడివైపు వింటుంది, ఇంకొకటి ఎడమవైపు. సౌండు దానంతట అది సర్దుకోవడాన్ని ఆపేసుకోవచ్చు. మామూలు సెల్లులతో నడుస్తుంది, అవి ఏ చిల్లర కొట్లోనైనా దొరుకుతాయి. మగవాళ్లు ఒక చెవిలో, ఆడవాళ్లు ఇంకో చెవిలో. మేము కూర్చున్నట్టే.

అయినా చూడకుండా ఎట్లా తీసుకునేది? ఆ కొట్టు పక్కన మిద్దె మీదికి రాతిమెట్లు ఉన్నాయి, రెండువైపులా గోడలు. మూడింటినీ అక్కడికి తీసుకురమ్మన్నాను.

"ఏంది సార్, మెట్ల మీద పాడతారా?"

"కొంచెం పక్కకు నిలబడు."

మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క యంత్రం పెట్టి ఒక పాట మొదటి చరణం పాడాను. చివర్లో సాగదీశాను. నాకు ఆమెంత ఊపిరి లేదు. పైనుంచి ఎవరో ఆడమనిషి తొంగి చూసి, "ఎవురన్నా పోయినారా?" అని అడిగింది. కొట్టతను నవ్వు ఆపుకుంటూ లేదమ్మా, రికార్డరు బేరం అన్నాడు. చెవులకు తగిలించుకుని వింటే మూడోదానిలో నా గొంతు ఆగాక మెట్ల గోడలు ఇంకా పలుకుతున్నాయి. ఆ పలుకు ఎక్కడ అయిపోయిందో చెప్పలేనంత నెమ్మదిగా పోయింది. అదే తీసుకున్నాను.

వాడే పద్ధతి అతను జాగ్రత్తగానే చెప్పాడు. ఒకటే ఎర్ర మీట. మొదటిసారి నొక్కితే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, అంటే యంత్రం వింటూ ఉంటుందే గానీ రికార్డు చేయదు. అప్పుడు సౌండు ఎంత పెట్టాలో చూసుకోవాలి. రెండోసారి నొక్కితే దీపం నిలకడగా వెలుగుతుంది, రికార్డు మొదలైనట్టు. ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. ఇంటికి తెచ్చి ప్రతి సాయంత్రం నేర్చుకున్నాను. కింద కుక్కరును, వీధిలో కూరగాయల బండిని, నా సొంత కుటుంబ ప్రార్థనను రికార్డు చేశాను. కుటుంబ ప్రార్థన అని అలవాటుకొద్దీ రాస్తున్నాను. చాలా రోజులుగా ఆ కుటుంబంలో నేనొక్కణ్ణే.

ఆఖరి ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. శిరివెళ్ల దాటాక ఎడమ పక్కన నల్లమల నల్లగా కనిపించింది, రోడ్డు పక్క చేలల్లో పత్తి తీస్తున్నారు. మందిరం గుమ్మానికి జొన్నకంకులు కట్టారు. లోపల కోతల పండగకు తెచ్చిన గుమ్మడికాయలు, ధాన్యం బస్తాలు, కాళ్లు కట్టేసిన ఒక కోడిపుంజు ముందువరుసలో ఉన్నాయి. చెల్లెలు నన్ను చూసి కళ్లు తుడుచుకుని, వెంటనే నా చేతిలోది చూసి మామూలైపోయింది.

"ఇదేంది, గడ్డం గీసుకునే మిషనా?"

"రికార్డరు. మీ పాట పట్టుకుందామని."

"పట్టుకోని ఏం చేస్తావ్?"

"ఇంట్లో వింటా."

"ఒక్కడివే కూర్చోని?"

ఔనన్నాను. గోడలో పాతకాలపు దీపపు గూడు ఒకటి ఉంది, మగవాళ్లకూ ఆడవాళ్లకూ సరిగ్గా మధ్యలో. రికార్డరును చిన్న మూడుకాళ్ల స్టాండు మీద అక్కడ నిలబెట్టాను. ఫ్యాన్లు ఆపించమని మా సంఘ కాపరి అయ్యగారిని అడిగాను. ఆయన చిన్నవాడు, వినయం ఉన్నవాడు, మారుమాట లేకుండా ఆపించాడు. మగవాళ్ల వైపు నుంచి, "అన్నా, పాట పట్టేలోపల మేం పోతాం ఉడికి" అని ఎవరో అన్నారు. సౌండు సరిచూసుకోవడానికి మీట నొక్కి, ఆరుతూ వెలిగే దీపాన్ని చూస్తుంటే చెల్లెలు మళ్లీ వచ్చింది.

"అన్నా, ఆ ఎర్రకన్ను మమ్మల్నే చూస్తాంది. ఆడోళ్లు దాన్నే చూస్తాండారు. మూసెయ్ దాన్ని."

నాకూ అదే మంచిదనిపించింది. ఆరాధనలో కళ్లు ఒక దీపం మీదికి పోకూడదు. యంత్రం ఆపేసి, జేబులో ఉన్న ప్లాస్టరు ముక్క చించి దీపం మీద అంటించాను.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. ఆఖరి ప్రార్థనకు విడిగా ముగింపు ఉండదు. ప్రార్థించే మనిషి మాటలు నెమ్మదించగానే ఆడవాళ్ల వైపు నుంచి పాట లేస్తుంది. ఎవరూ నంబరు చెప్పరు, ఎవరూ మొదలుపెట్టమనరు. ఆ పాట కూడా ప్రార్థనే. అందుకని అది పూర్తయి అందరం ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవరు. నేను ఎత్తే పాటలన్నీ అయిపోయాక వచ్చే ఆ ఒక్క పాట కోసమే వచ్చాను. మనిషి దేవునితో మాట్లాడే మాటను రికార్డు చేయడం నాకు ఇష్టంలేదు. ప్రార్థన అయ్యేదాకా ఆగి, పాట లేచేటప్పుడు మీట నొక్కుదామని గూడు కిందే కూర్చున్నాను. పక్కనున్న మీట పైకి జరిపి యంత్రానికి ప్రాణం పోసి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాను.

అయ్యగారు ప్రార్థించాడు. ఆ గదిలో పెళ్లయినవాళ్లను, బాప్తిస్మం పొందినవాళ్లను, అక్కడి నుంచి సాగనంపినవాళ్లను తలచుకున్నాడు. నా భార్యను పేరుతో తలచుకున్నాడు. ఆయన గొంతు నెమ్మదించింది. నేను చేయి పైకెత్తి గూట్లో తడుముకుని మీట నొక్కాను. వేలికింద టక్కుమని తగిలింది. పాట లేచింది.

దాన్ని ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. పూర్వం దేవుని మందిరం కూలిపోయాక రెండోదానికి పునాది వేసినరోజు మొదటిదాన్ని చూసిన ముసలివాళ్లు ఏడ్చారనీ, ఏది ఏడుపో ఏది సంతోషమో జనానికి తెలియలేదనీ లేఖనంలో చదివిన ప్రతిసారీ అదెట్లా సాధ్యమనుకునేవాణ్ణి. ఆ రోజు తెలిసింది. ఆడవాళ్లు ప్రతి చరణం చివర వదలకుండా పట్టుకున్నారు. ఒకరి ఊపిరి అయిపోతే ఇంకొకరు అందుకున్నారు. రాయి అందరి దగ్గరా తీసుకుని మాకే తిరిగి ఇచ్చింది. నేను ఆమె గొంతు కోసం వెతకలేదు. వెతకాల్సిన పని లేకపోయింది, అక్కడ ప్రతి గొంతూ చరణం చివర ఆమెదే అవుతోంది. పాట ముగిసింది, ఆమేన్ అన్నాం. నేను లేచి, కళ్లు తుడుచుకుంటూ, గూట్లోకి చేయి పెట్టి మీట నొక్కి ఆపాను. ఆపాననుకున్నాను.

ప్రేమవిందు ఆ గదిలోనే పెట్టారు. విస్తర్లు వరుసగా వేసి అన్నం, పప్పుచారు, కోడికూర వడ్డించారు. చెల్లెలు గరిటె పట్టుకుని నా ముందు ఆగింది.

"మా పాట పట్టిందా నీ మిషను?"

"పట్టింది."

"సాగదీత?"

"అంతా."

"అయితే వదిన ఇంట్లోనే ఉంటాది ఇంక." నా విస్తట్లో రెండు ముక్కలు ఎక్కువ వేసింది. "భోజన ప్రార్థన నువ్వు చెయ్యన్నా. ఈ గదిలో ఆఖరి అన్నం."

చేశాను. చిన్న ప్రార్థనే. అన్నం వేడిగా ఉంది, పిల్లలు చూస్తున్నారు. తిన్నాక కోడిపుంజును వేలం పాడారు, నవ్వులు, అరుపులు. బస్సుకు వేళవుతోందని నేను గూట్లోంచి రికార్డరు తీసి, పక్కనున్న మీటను కిందికి జరిపి యంత్రాన్ని పూర్తిగా ఆపి, గుడ్డసంచిలో పెట్టుకుని బయల్దేరాను. బస్సులో సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చాలా కాలానికి ఇంటికి ఒట్టి చేతులతో పోవడంలేదనిపించింది.

నంద్యాలకు వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. కాళ్లు కడుక్కుని, కుర్చీ కిటికీ దగ్గరకు జరుపుకుని, చెవులకు తగిలించుకున్నాను.

మొదట వినిపించింది చాపలు చుడుతున్న చప్పుడు. తర్వాత చెప్పులు. "విస్తర్లు యాడ పెట్టినారు?" అని ఎవరో. ఇంకా ముందుకు జరిపాను. గిన్నెలు. వెనక్కి జరిపాను. చాపలకు ముందు ఏమీ లేదు. ఇంకో ఫైలు ఉంటుందేమోనని వెతికాను. కూరగాయల బండి ఉంది, కింద కుక్కరు ఉంది. ప్లాస్టరు పీకి చూశాక నాకు అర్థమైంది. కళ్లు మూసుకుని నేను నొక్కింది ఒక్కసారే. ఆ ఎర్ర దీపం ప్లాస్టరు కింద ఆరుతూ వెలుగుతూ పాటంతా వింది, ఒక్క ముక్క రాసుకోలేదు. ఆపుదామని నేను నొక్కిన నొక్కుతో రికార్డు చేయడం మొదలుపెట్టింది.

కిటికీ దగ్గర అట్లాగే కూర్చున్నాను. దేవుని మీద కోపం వచ్చిందని చెప్పను. కానీ ఆయన ఆ గదిలోనే ఉన్నాడు గదా, నా వేలు చూశాడు గదా అనుకున్నాను.

తెల్లారగానే చెల్లెలికి ఫోను చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"చెల్లీ, ఇంకొక్కసారి మీరందరూ ఆ గదిలో కూర్చుంటే నేను ఇప్పుడే బస్సెక్కుతా. నాలుగు చరణాలు చాలు."

"యాడన్నా," అంది. "పొద్దున్నే జేసీబీ వచ్చింది. ఇను."

ఫోనును అటువైపు తిప్పినట్టుంది. ఇంజను రొద, దాని మీద బండ జారి పడిన చప్పుడు. ఒకటి, ఆ వెనకే ఇంకొకటి. సన్నటి శబ్దాలను కోసేసే నా ఫోను వాటిని మాత్రం పూర్తిగా వినిపించింది.

"ఇంటివా?"

"విన్నాను."

"ఏడ్చద్దు. నీ మిషన్లో ఏం పడిందో అదే ఉంచు. తుడిచేసేవు. కొత్త మందిరం తెరిచినప్పుడు తీసుకరా."

తుడిచేద్దామనే అనుకున్నాను. ఆమె చెప్పిందని ఊరుకున్నాను. చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం అన్నం వండుకోవడానికి మనసు రాక, ఊరికే పెట్టుకుని చివరిదాకా విన్నాను. చాపలు, చెప్పులు, విస్తర్లు. "మా పాట పట్టిందా?" "పట్టింది." ఆ పట్టింది అన్న గొంతులో ఎంత సంతోషం ఉందో వింటే ఎవరో వేరే మనిషి అనిపించింది. ఆ తర్వాత నా భోజన ప్రార్థన. రెండు మాటలు, మూడు మాటలు. దాని చివర ఆ గదిలో అందరూ కలిసి అన్న ఆమేన్.

మగవాళ్లది టక్కున అయిపోయింది. ఆడవాళ్లు వదల్లేదు. గరిటెలు చేతుల్లో పట్టుకుని, పిల్లల్ని ఒక చేత్తో ఆపుతూ, అలవాటుకొద్దీ సాగదీశారు. పాటంత పొడుగు ఏమీ కాదు. అయినా ఎడమ చెవిలో మొదలై, రెండు చెవుల్లోకీ పాకి, పైకి మిద్దె బండల దాకా పోయి, అక్కడ నిలబడి, ఎక్కడ అయిపోయిందో చెప్పలేకుండా పోయింది. దాని మీద ఒక పిల్లవాడి మాట, "అమ్మా, తింటా?"

కొత్త మందిరం తెరిచిన రోజు దాన్ని తీసుకెళ్లాను. అద్దాల తలుపులు, మెత్తటి తివాచీ, తెల్లటి పైకప్పు. అయ్యగారు పెద్ద స్పీకర్లకు తగిలించి ఆ ముక్క వినిపించాడు. పెద్దవాళ్లు తలలు వంచుకున్నారు. అయిపోయాక ఆడవాళ్ల వైపు నుంచి చెల్లెలి గొంతు వచ్చింది.

"ఇంకోసారి పెట్టు అయ్యగారూ. దాంట్లో మొగోళ్ల ఆమేన్ యాడుందో ఇనపడలే."

"మీ కింద పడి నలిగిపోయింది" అన్నారు ఇటువైపు నుంచి. అందరూ నవ్వారు. రెండోసారి పెట్టాడు. ఆ తర్వాత ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు తమకు తెలియకుండానే ఆమేన్‌ను సాగదీశారు. తివాచీ దాన్ని వెంటనే తాగేసింది. వాళ్లకు కూడా వినపడినట్టుంది, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెల్లెలు మాత్రం ఊపిరి అయిపోయేదాకా వదల్లేదు. ఆ పెద్ద గదిలో ఆ ఒక్క గొంతు సన్నగా, ఒంటరిగా, కాసేపు నిలబడింది. అది వినడం నాకు కష్టమైంది. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను.

దాన్ని రోజూ వినను. యంత్రం నా ప్రార్థనకు ఆమేన్ పలకకూడదు, ఆ మాత్రం నాకు తెలుసు. సెల్లులు తీసి విడిగా పెట్టి, రికార్డరును గుడ్డసంచిలో చుట్టి బట్టల పెట్టెలో అడుగున ఉంచాను. దాచమన్న ఆ ఒక్క పాత్రెడు మన్నా అదే అనుకుంటాను.

మధ్యాహ్నం అన్నం వండుకుని, కిటికీ దగ్గర కంచం పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థిస్తాను. చివర ఆమేన్ అంటాను. గదిలో ఇంకెవరూ అనరు. ఆడవాళ్లు సాగదీసినంతసేపు ఆగుతాను. ఆ తర్వాత కళ్లు తెరిచి మొదటి ముద్ద కలుపుకుంటాను.